పెద్ద ఆడిట్ ఫర్మ్‌లో ఆర్టికల్‌షిప్: మొదటి నెలల్లో పని ఎలా పట్టుకోవాలి

సీఏ ఇంటర్ రెండు గ్రూపులూ క్లియర్ చేసి హైదరాబాద్‌లో బిగ్ ఫోర్‌లోనో (నాలుగు అతిపెద్ద ఆడిట్ ఫర్మ్‌లు) దానికి దగ్గర సైజు ఫర్మ్‌లోనో ఆర్టికల్‌షిప్‌కి, అంటే సీఏ కోర్సులో భాగమైన ప్రాక్టికల్ ట్రైనింగ్‌కి, జాయిన్ అవుతున్న తమ్ముళ్ళు చెల్లెళ్ళ కోసం రాస్తున్నా. నేను ఉన్నది స్టాట్యుటరీ ఆడిట్‌లో (చట్టప్రకారం కంపెనీ లెక్కలు తనిఖీ చేసే పని) కాబట్టి దాని గురించే చెప్తా, టాక్స్ టీమ్ పని వేరేగా ఉంటుంది. 2023 జూలై నుంచి ఆర్టికల్‌షిప్ మూడేళ్ళ నుంచి రెండేళ్ళకి తగ్గింది కదా, పరీక్షకి అది మంచిదే గానీ పని నేర్చుకునే టైమ్ కూడా తగ్గిపోయింది, అందుకే మొదటి రెండు మూడు నెలలు ఊరికే పోనివ్వొద్దు అని గట్టిగా చెప్తున్నా.

జాయిన్ అయ్యే లోపు ఐసీఐటీఎస్ఎస్ (ఐటీ, సాఫ్ట్ స్కిల్స్ కోర్సు) ఎలాగూ పూర్తి చేస్తారు, దాంతో పాటు ఎక్సెల్ మీద చెయ్యి తిరిగేలా చూసుకోండి. పివట్, వీలుకప్, సమ్‌ఇఫ్స్, ఫిల్టర్లు, ఇవి ఆలోచించకుండా వచ్చేయాలి, ఎందుకంటే ఒక్కో క్లయింట్ లెడ్జర్ డంప్ (ఖాతాల ఎంట్రీలన్నీ ఉన్న ఫైలు) లక్షల లైన్లు ఉంటుంది. ఇంకోటి, డీమ్యాట్ అకౌంట్ ఉంటే అందులో ఏ కంపెనీల షేర్లు ఉన్నాయో ముందే లిస్ట్ రాసి పెట్టుకోండి. ఇండిపెండెన్స్ డిక్లరేషన్ (ఆడిట్ చేసే కంపెనీలతో ఆర్థిక సంబంధం లేదని రాసివ్వడం) అని అడుగుతారు, ఫర్మ్ ఆడిట్ చేసే కంపెనీ షేర్లు ఉంటే అమ్మేయమనే అవకాశం ఉంది.

మొదట్లో ఎక్కువగా ఇచ్చేది వోచింగ్, అంటే లెక్కల్లోని ఎంట్రీని దాని బిల్లుతో సరిచూడటం. చాలామంది దీన్ని చిన్న పని అనుకుని ఇన్‌వాయిస్ మీద అమౌంట్, ఎక్సెల్‌లో అమౌంట్ కలిసిందా, టిక్, నెక్స్ట్ అని పోతుంటారు. అలా చేస్తే రెండేళ్ళయినా ఏమీ రాదు. ఒక ఉదాహరణ చెప్తా. సేల్స్ శాంపుల్‌లో మార్చి 31 తేదీతో ఒక ఇన్‌వాయిస్ వచ్చిందనుకోండి, పార్టీ పేరు కరెక్ట్, అమౌంట్ కరెక్ట్, జీఎస్టీ కరెక్ట్. కానీ వెనక ఉన్న ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి తీసే జీఎస్టీ పత్రం) చూస్తే ఏప్రిల్ 3 అని ఉంది, లారీ రసీదు మీదా అదే తేదీ. మరి సరుకు మార్చిలో గోడౌన్ దాటనే లేదు కదా, సేల్ ఈ ఏడాదిలో ఎలా పడింది? అప్పుడు సేల్ టర్మ్స్ చూడాలి, సరుకు మీద కంట్రోల్ కస్టమర్‌కి ఎప్పుడు వెళ్తుందో పీవోలో (పర్చేజ్ ఆర్డర్‌లో) చదవాలి, చివరి వారం బిల్లులు ఇంకొన్ని తీసి ఇదొక్కటేనా ఇంకా ఉన్నాయా చూసి అప్పుడు సీనియర్ దగ్గరికి వెళ్ళాలి. ఇండ్ ఏఎస్ 115 (ఆదాయం ఎప్పుడు చూపాలో చెప్పే అకౌంటింగ్ స్టాండర్డ్) పుస్తకంలో పదిసార్లు చదివినా ఎక్కనిది ఆ ఒక్క బిల్లుతో ఎక్కేస్తుంది.

బ్యాంక్ కన్ఫర్మేషన్లు (క్లయింట్ బ్యాలెన్స్ ఎంతో బ్యాంక్ నుంచి రాయించుకోవడం) కూడా మనకే ఇస్తారు. క్లయింట్ అకౌంట్స్‌లో ఎవరో ఒకరు మంచి మనసుతోనే "ఎందుకండీ శ్రమ, బ్రాంచ్ మేనేజర్ నాకు తెలుసు, లెటర్ నేను తెప్పించి ఫార్వర్డ్ చేస్తాలెండి" అంటారు. ఒప్పుకోవద్దు. రిక్వెస్ట్ మన కంట్రోల్‌లో వెళ్ళాలి, జవాబు బ్యాంక్ నుంచి నేరుగా మనకే రావాలి, ఆడిటింగ్ స్టాండర్డ్ ఎస్ఏ 505 చెప్పేది ఇదే, వచ్చిన మెయిల్ ఐడీ నిజంగా బ్యాంక్‌దేనా అని కూడా చూడండి. మన హైదరాబాద్‌లో ఆర్టికల్ చేసేవాళ్ళకి దీని విలువ ఇంకొకరు చెప్పక్కర్లేదు, 2009 జనవరి 7న బయటపడిన, సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు తప్పు ఒప్పుకుంటూ రాసిన లెటర్ ప్రకారం, లేకపోయినా లెక్కల్లో చూపిన నగదు, బ్యాంక్ బ్యాలెన్సులే 5,040 కోట్లు.

స్టాక్ కౌంట్‌కి పంపితే షూస్ వేసుకెళ్ళండి, రెండు వైపుల నుంచీ లెక్క చూడండి. షీట్‌లో ఉన్న ఐటమ్ గోడౌన్‌లో ఉందా అని ఒకసారి, గోడౌన్‌లో కళ్ళకి కనిపించిన ఐటమ్ షీట్‌లో ఉందా అని ఇంకోసారి. రెండోది మర్చిపోయే వాళ్ళు చాలామంది. మూలన దుమ్ము పట్టి ఉన్న డ్రమ్ములు కనిపిస్తే ఎన్నాళ్ళ నుంచి కదల్లేదో అడిగి రాసుకోండి, ప్రొవిజన్ (పాత సరుకు విలువ తగ్గించి చూపడం) దగ్గర అది పనికొస్తుంది.

చేసినదంతా వర్కింగ్ పేపర్‌లో (మన ఆడిట్ పని రాసి పెట్టే రికార్డు) ఉండాలి, లేకపోతే చేయనట్టే లెక్క. ఏం చూశారు, ఏ డాక్యుమెంట్ నంబర్, ఏం తేలింది, ఇవి మీరు పక్కన లేకపోయినా చదివినవాళ్ళకి అర్థం కావాలి. పోయినేడాది ఫైలు ముందు చదవండి, అందులో సగం డౌట్లు తీరిపోతాయి, కానీ దాన్నే కాపీ కొట్టి తేదీలు మార్చొద్దు, ఈ ఏడాది క్లయింట్ కొత్త లోన్ తీసుకుని ఉండొచ్చు, కొత్త ప్లాంట్ పెట్టి ఉండొచ్చు. రివ్యూ పాయింట్స్ (మన పని చూసి సీనియర్లు రాసే ప్రశ్నలు) వస్తే ఫీల్ అవ్వొద్దు, ఒక్కో పాయింట్‌కి ఏం చేశారో రాసి క్లోజ్ చేయండి, నాకైతే ఎక్కువ నేర్పింది అవే.

విజయవాడ, గుంటూరు వైపు నుంచి వచ్చేవాళ్ళకి ఇంగ్లీష్ అంటే జంకు ఉంటుంది, అది నేను దగ్గర్నుంచి చూశా. పెద్ద మాటలు అక్కర్లేదండీ, ఏ డాక్యుమెంట్ కావాలి, ఏ పీరియడ్‌ది, ఎప్పటికి కావాలి, మూడు లైన్లు చాలు. క్లయింట్ దగ్గరికి ప్రతి పేపర్‌కీ పరిగెత్తకుండా అడగాల్సినవన్నీ ఒక షీట్‌లో పెట్టుకుని ఒకేసారి వెళ్ళండి, వాళ్ళకీ జీతాలు, రిటర్న్‌లు, నెలాఖరు పనులు ఉంటాయి కదా. "ఇది తప్పు" అనకుండా "సార్, ఈ ఎంట్రీ ఎందుకు వేశారో కాస్త చెప్తారా" అని అడిగితే పది నిమిషాలు కూర్చోబెట్టి బిజినెస్ మొత్తం చెప్పేస్తారు.

క్లయింట్ పేరు పీజీలో గానీ రాయదుర్గం మెట్రోలో గానీ నోటి వెంట రాకూడదు, లిస్టెడ్ కంపెనీ రిజల్ట్స్ అయితే మరీను, అది సెబీ ఇన్‌సైడర్ ట్రేడింగ్ రూల్స్ దాకా వెళ్తుంది.

ఇక టైమ్. లిస్టెడ్ కంపెనీలు ఏడాది ఆడిటెడ్ రిజల్ట్స్ ఆ ఏడాది ముగిసిన 60 రోజుల్లో ఇవ్వాలి కాబట్టి ఏప్రిల్, మేలో రాత్రిళ్ళు ఆఫీసులోనే, ఆ నెలల్లో చదువుతానని ప్లాన్ వేసుకోవద్దు. ఐసీఏఐ (సీఏ ఇన్‌స్టిట్యూట్) వారానికి 35 గంటలు అంటుంది గానీ ఆ సీజన్‌లో ఎవరూ వాచీ చూడరు, ఆరోగ్యం బాగా లేకపోతే మాత్రం దాచుకోకుండా మేనేజర్‌కి చెప్పేయండి. ఆర్టికల్‌షిప్ అయ్యాక ఫైనల్‌కి ముందు ఎలాగూ ఆరు నెలలు ఉంటాయి, అయినా ఎఫ్ఆర్ (ఫైనాన్షియల్ రిపోర్టింగ్), ఆడిట్ ఈ రెండూ పని నడుస్తున్నప్పుడే చదవండి, పగలు చూసిన టాపిక్ ఆ రాత్రే స్టాండర్డ్‌లో ఒక పేరా చదివినా చాలు. ఆర్టికల్‌షిప్ పూర్తయినట్టు ఇచ్చే ఫారం 108 సంతకాల కోసం చివరి వారం దాకా ఆగొద్దు, పార్ట్‌నర్లు టూర్లలో ఉంటారు, ముందే డేట్ అడిగి పెట్టుకోండి.