అమ్మ పేరున ఉన్న ఇంట్లో గదులు బాడుగకు ఇవ్వాలంటే

జేఎన్‌టీయూ, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉన్న అనంతపురంలో చదువుకునేవారికీ, బదిలీపై వచ్చే ఉద్యోగులకూ విడి గదుల అవసరం ఎప్పుడూ ఉంటుంది. పిల్లలు బెంగళూరుకో హైదరాబాదుకో వెళ్లిపోగా తల్లి ఒక్కతే మిగిలిన ఇళ్లలో, మిద్దె మీది గదులు బాడుగకు ఇద్దామన్న ఆలోచన సాధారణంగా పిల్లల నుంచే వస్తుంది. నడిపేది కొడుకైనా కూతురైనా, ఇల్లు ఎవరిదో బాడుగ వారిదేనన్న సంగతిని మొదటి నుంచీ పాటించాలి.

టులెట్ బోర్డు పెట్టకముందే ఇంటి పత్రాలు తీసి, యజమానిగా ఎవరి పేరు ఉందో చూడండి. ఇల్లు తండ్రి స్వార్జితమై, ఆయన వీలునామా రాయకుండా కన్నుమూసి ఉంటే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వర్తించే కుటుంబాల్లో భార్యకూ, కొడుకులకూ, కూతుళ్లకూ సమాన వాటాలు వస్తాయి. తండ్రిగారి తల్లి జీవించి ఉంటే ఆమెకూ ఒక వాటా ఉంటుంది. పెళ్లి చేసి పంపిన ఆడపిల్లను అడగనక్కరలేదనుకోవడం చట్టరీత్యా తప్పు, న్యాయంగా చూసినా తప్పే. వాటాదారులందరూ ఒప్పుకున్నట్టు, వచ్చే బాడుగ తల్లి ఖర్చులకే చెందాలని నిర్ణయించుకుంటే అది కూడా కలిపి, ఒక కాగితం రాసి అందరూ సంతకాలు చేయడం మంచిది.

ఇల్లు తల్లి పేరునే ఉంటే ఒప్పందంపై ఆమే సంతకం చేయాలి. తిరగలేని స్థితిలో ఉంటే, బాడుగ వ్యవహారాల వరకే పరిమితమైన అధికార పత్రాన్ని మీ పేరున రాయించి, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదు చేయించుకోండి. ఇల్లు అమ్మే అధికారం అందులో చేర్చవలసిన పనిలేదు. చేర్చకపోతే తోబుట్టువులకూ అనుమానం ఉండదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఏడాదికి మించిన బాడుగ పత్రాన్నే తప్పక నమోదు చేయించమంటుందనుకుని ఎక్కువమంది 11 నెలలకే రాసుకుంటారు గానీ, ఆంధ్రప్రదేశ్‌లో 1999 నాటి సవరణ తర్వాత గడువు ఎంతైనా బాడుగ పత్రాన్ని నమోదు చేయించాలి. ఖాళీ చేయడానికి ఎంత ముందు చెప్పాలో రాసుకోకపోతే, నెలవారీ బాడుగకు ఆస్తి బదిలీ చట్టం 15 రోజుల గడువునే సూచిస్తుంది. ఒంటరిగా ఉండే పెద్దావిడకు అది చాలదు; నెల రోజులని స్పష్టంగా రాయించండి.

వచ్చేవారిని ఫోనులో మాట్లాడి ఖాయం చేయకండి. రోజూ వారి ముఖం చూడవలసింది అమ్మ కాబట్టి, ఆమె కలిసి మాట్లాడి సరేనన్నాకే అడ్వాన్సు తీసుకోవాలి. గేటుకు తాళం వేసే వేళ, మాంసం వండుకోవడం, చుట్టాలు వచ్చి ఉండడం, బండి నిలిపే చోటు వంటివి అప్పుడే తేల్చుకోవాలి. గుర్తింపు కార్డు నకలు, పనిచేసే లేదా చదివే చోటి వివరాలు ఆమె దగ్గర ఒకటి, మీ దగ్గర ఒకటి ఉండాలి.

మన జిల్లాలో తగవు ఎక్కువగా నీటి దగ్గరే వస్తుంది. వేసవిలో బోరు తగ్గి ట్యాంకరు తెప్పించవలసి వస్తే ఎవరి వంతు ఎంత, మోటారు ఎవరు ఎప్పుడు వేయాలి అన్నవి పత్రంలోనే ఉండాలి. కరెంటుకు సబ్ మీటరు పెట్టించండి. వాడకం పెరిగినకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది గనుక, ఒకే మీటరుపై అందరూ వాడితే అమ్మ వాడిన యూనిట్లకూ భారం పడుతుంది; ఎవరి వాడకం ఎంతో సబ్ మీటరుతో తేలితే బిల్లును ఆ ప్రకారం పంచుకోవచ్చు. ప్రతి నెలా రీడింగును ఇద్దరి ఎదుట పుస్తకంలో రాసుకోవాలి.

బాడుగ నేరుగా ఆమె బ్యాంకు ఖాతాలో పడేలా చూడండి. మీరు వసూలు చేసినా ఆదాయపు పన్ను లెక్కలో అది యజమాని ఆదాయమే. ఆ గదుల వంతుకు కట్టిన ఆస్తి పన్ను తీసివేసి, మిగిలినదానిలో మరో 30 శాతం మినహాయించాకే పన్ను లెక్కకడతారు. అడ్వాన్సును ఖర్చు చేయకుండా అదే ఖాతాలో ఉంచితే, బాడుగకున్నవారు గది ఖాళీ చేసిన రోజున తాళంచెవి తీసుకుని, బకాయిలేమైనా ఉంటే లెక్కచూసి, మిగిలిన సొమ్మును అప్పటికప్పుడే తిరిగి ఇవ్వవచ్చు.