బోన్‌హోఫర్‌ని చదువుతూ లూథర్‌ని పట్టుకోవడం ఎలా

హిట్లర్‌ని ఎదిరించాడు, 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బర్గ్ నాజీ క్యాంపులో ఉరితీశారు. డీట్రిచ్ బోన్‌హోఫర్ గురించి ఇంతవరకు చాలామందికి తెలుసు. ఆయన లూథరన్ పాస్టర్, అంటే పదహారో శతాబ్దపు జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్ బాటలో నడిచే సంఘం పాస్టర్ అన్న సంగతి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అది వదిలేస్తే శిష్యత్వం మీద ఆయన 1937లో తెచ్చిన పుస్తకం లూథర్ మీద దాడిలా కనిపిస్తుంది. నిజానికది లూథర్ పేరు చెప్పుకుని హాయిగా కూర్చున్న సంఘం మీద, లూథర్‌నే సాక్షిగా పిలిచి వేసిన కేసు.

అందుకే ముందు క్రైస్తవ స్వాతంత్ర్యం గురించి లూథర్ 1520లో రాసిన చిన్న పుస్తకం చదవండి. విశ్వాసి ఎవరికీ లోబడనివాడు, అయినా అందరికీ సేవకుడు అంటాడక్కడ. బోన్‌హోఫర్ గట్టిగా పట్టుకున్నది ఆ రెండో సగాన్నే. గుంటూరు వైపు లూథరన్ కుటుంబాల్లో కన్ఫర్మేషన్‌కి (సంఘంలో విశ్వాసాన్ని స్థిరపరిచే ఆచారానికి) కాటెకిజం, అంటే ప్రశ్న-జవాబుల విశ్వాస పాఠం, బట్టీ పట్టినవాళ్లుంటే ఆ చదువు ఇప్పుడు పనికొస్తుంది.

తర్వాత 1937 పుస్తకం తెరవండి. మొదటి అధ్యాయం మాత్రం తొందరపడకుండా, పెన్సిల్ పట్టుకుని చదవాలి, ఎందుకంటే అసలు గొడవంతా అక్కడే ఉంది. "ధైర్యంగా పాపం చెయ్యి, అంతకన్నా ధైర్యంగా క్రీస్తును నమ్ము" అని లూథర్ 1521లో తన సహచరుడు మెలాంక్‌థన్‌కి రాసిన మాటను బోన్‌హోఫర్ కొట్టిపారేయడు. జీవితమంతా చదివిన ఫౌస్ట్ (గెథే నాటకంలోని పండితుడు) చివర్లో మనకేమీ తెలియదనడం వేరు, మొదటి ఏడాది కుర్రాడు చదువు ఎగ్గొట్టడానికి అదే మాట అనడం వేరు అంటాడు. మఠంలో నలిగిన లూథర్‌కి కృప, అంటే దేవుడు ఉచితంగా ఇచ్చే క్షమాపణ, చివర దొరికిన జవాబు, తర్వాతివాళ్లు దాన్నే మొదటి లైన్‌గా పెట్టుకున్నారు, చౌక కృప అన్నది దీన్నే. కృప అన్న మాట వచ్చినప్పుడల్లా ఇది మొదలా, ముగింపా అని మార్జిన్‌లో రాసుకోండి.

బోన్‌హోఫర్ నడిపిన ఫింకెన్‌వాల్డె సెమినరీ (పాస్టర్ల శిక్షణ బడి) అనుభవంతో, విశ్వాసులు కలిసి బతకడం మీద 1939లో వచ్చిన ఆయన పుస్తకం చిన్నదే, త్వరగానే అయిపోతుంది. తోటి విశ్వాసి ముందు పాపం ఒప్పుకోవడం క్యాథలిక్ పద్ధతి కదా అనుకునేవాళ్లకి అక్కడ లూథర్ మాటే చూపిస్తాడు.

1933లో యూదుల ప్రశ్న మీద బోన్‌హోఫర్ రాసిన వ్యాసాన్ని అభిమానులు సగమే చెబుతారు, మీరు మొత్తం చదవండి. అది లూథర్ మాటలతోనే మొదలవుతుంది, ప్రభుత్వ అధికారాన్ని లూథరన్ పద్ధతిలోనే ఒప్పుకుంటుంది, యూదుల గురించి ఇబ్బంది పెట్టే పాత వాక్యాలూ ఉన్నాయి. అయినా ప్రభుత్వ చక్రం కింద నలిగినవాళ్లకి కట్టుకట్టడంతో ఆగకుండా, అవసరమైతే సంఘం ఆ చక్రాన్నే ఆపాలి అనేదాకా వెళ్తుంది.

నాజీల జైలు నుంచి ఆయన రాసిన ఉత్తరాలు ఆఖరికి పెట్టుకోండి. బాధపడే దేవుడే సాయం చేయగలడన్న 1944 జులై 16 నాటి ఉత్తరాన్ని, సిలువ గురించి లూథర్ 1518లో హైడెల్‌బర్గ్‌లో పెట్టిన వాదాల పక్కన పెట్టి చదవండి, 20, 21 నంబర్లు చాలు.