ఒప్పంద పత్రం చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఓడ ఎవరిది, మాట ఎవరిది, ఎన్నాళ్లు?

గత పాఠంలో ఒప్పందాల పీఠికలు ఎలా చదవాలో చూశాం. ఈసారి క్లాజుల్లోకి దిగుదాం. ఎరుపు, నీలం, ఆకుపచ్చ పెన్సిళ్లు దగ్గర పెట్టుకోండి.

పాఠానికి నేను తీసుకున్నది 1944 ఆగస్టు 5న లండన్‌లో సంతకాలైన ఒప్పందం. యుద్ధంలో వాణిజ్య నౌకల మీద పెట్టిన ఉమ్మడి అదుపును యూరప్‌లో పోరు ఆగాక కూడా కొన్నాళ్లు కొనసాగించాలన్నది దాని సారం. అందుకోసం పెట్టిన సంస్థ పేరు యునైటెడ్ మారిటైమ్ అథారిటీ. సంతకం చేసినవి ఎనిమిది ప్రభుత్వాలు: బ్రిటన్, అమెరికా, కెనడా, నార్వే, నెదర్లాండ్స్, బెల్జియం, గ్రీస్, పోలండ్. చివరి ఐదూ అప్పటికి ప్రవాసంలో ఉన్న ప్రభుత్వాలు. నార్వే సంగతే చూడండి. దేశం జర్మన్ల చేతిలో ఉంది, కానీ 1940లో దాదాపు వెయ్యి ఓడలతో మొదలైన నార్ట్రాషిప్ అనే సంస్థ కింద, మునిగినవి పోగా మిగిలిన ఓడలు సముద్రం మీద తిరుగుతున్నాయి. ఆ ప్రభుత్వానికి మిగిలిన పెద్ద ఆస్తి అదే.

ఎరుపు పెన్సిల్ యాజమాన్యానికి. ఇలాంటి పత్రాల్లో ఓడను ‘వాడకానికి తీసుకోవడం’ వేరు, ‘సొంతానికి తీసుకోవడం’ వేరు. ఎన్నికలప్పుడు ప్రైవేటు బస్సులు తీసుకుంటారు కదా. బస్సు ఓనరుదే, డ్రైవరూ ఓనరు మనిషే, ఏ ఊరికి పోవాలో మాత్రం అధికారులు చెబుతారు. మొదటి రకం అదే. ఈ ఒప్పందంలో ఓడలు ఏ ప్రభుత్వం అదుపులో ఉన్నవి ఆ ప్రభుత్వం అదుపులోనే ఉంటాయి. ఉమ్మడి సంస్థ చూసేది ఏ ఓడ ఏ పనికి పోవాలన్నది.

ఇక నీలం. నిర్ణయం ఎవరిది? ఇక్కడ తొందరపడకండి. 1942 జనవరి నుంచి మిత్రదేశాల ఓడల సర్దుబాటు చూసిన ఉమ్మడి బోర్డులో ఉన్నవి రెండే దేశాలు, బ్రిటన్, అమెరికా. మిగతావాళ్లు ఓడలిచ్చారు, నావికుల్ని పోగొట్టుకున్నారు, ఆ బోర్డులో మాత్రం వాళ్లకు కుర్చీ లేదు. 1944 పత్రంలో అందరికీ ఒక కౌన్సిల్, లండన్‌లోనూ వాషింగ్టన్‌లోనూ శాఖలున్న కార్యనిర్వాహక బోర్డు వచ్చాయి. దానికంటే ముఖ్యమైనది మరో క్లాజు: ఒక ప్రభుత్వం ఓడల మీద తీసుకునే నిర్ణయానికి ఆ ప్రభుత్వం సమ్మతి ఉండాలి. ఈ వాక్యం కింద రెండు గీతలు గీయండి. మెజారిటీ ఓటుతో నార్వే ఓడను మళ్లించడానికి వీల్లేదన్నమాట. చిన్న దేశాలకు ఈ పత్రంలో దక్కిన గట్టి రక్షణ ఇదేనని నేననుకుంటాను.

నీలం గీత గీసేటప్పుడే, లేనివాళ్ల పేర్లు కూడా మార్జిన్‌లో రాసుకోండి. ఆ ఎనిమిది సంతకాల్లో భారత్ లేదు. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి పోయి బర్మా బియ్యం రావడం ఆగింది. 1943 జనవరిలో బ్రిటన్ తన అవసరాల కోసం హిందూ మహాసముద్రానికి పంపే ఓడలను సగానికి పైగా కోసేసింది. ఆ ఏడే బెంగాల్లో కరువు. కరువుకు కారణాలు చాలా ఉన్నాయి, అన్నీ ఓడల మీదికి తోయలేం. కానీ ఓడ ఎటు పోవాలో తేల్చే బల్ల దగ్గర ఎవరున్నారు, ఎవరు లేరు అన్నది కాగితం గొడవ కాదు, తిండి సంగతి. అందుకే ఈ పెన్సిల్ దగ్గర ఇంతసేపు ఆపాను.

ఆకుపచ్చ గడువుకు. యూరప్‌లో గాని, దూరప్రాచ్యంలో గాని పోరు ఆగడం, ‘ఏది ఆలస్యమైతే దాని నుంచి’ ఆరు నెలలు. లెక్క మీరే వేయండి. జర్మనీ లొంగుబాటు 1945 మే 8, జపాన్ సంతకం 1945 సెప్టెంబరు 2. ఆరు నెలలు కలిపితే 1946 మార్చి 2. అథారిటీ సరిగ్గా ఆ రోజే ముగిసింది. ‘ఏది ముందైతే’ అని రాసి ఉంటే నవంబరు 8కే ముగిసేది, ఇంకా సైనికుల్ని ఇళ్లకు చేర్చాల్సిన, యూరప్‌కు తిండి మోయాల్సిన చలికాలం మొదట్లో. ఒక్క మాట తేడాకు దాదాపు నాలుగు నెలల ఓడలు!

గడువు మీద ఇంత పట్టుదలకు పాత అనుభవం ఉంది. మొదటి యుద్ధంలో ఆర్థర్ సాల్టర్, జీన్ మోనే వంటివాళ్లు నడిపిన మిత్రదేశాల నౌకా రవాణా మండలిని 1918లో పోరు ఆగాక త్వరగానే చుట్టేశారు. ఆ తర్వాత ఓడ కిరాయిలు ఆకాశానికంటి, 1920లో కుప్పకూలాయి.

అభ్యాసం: సమ్మతి క్లాజును ‘మెజారిటీ నిర్ణయం’గా మార్చి రాయండి. ఎనిమిదింటిలో ఎక్కువ నష్టం ఎవరికో రెండు వాక్యాల్లో చెప్పండి. తర్వాత మీ ఇంటి అద్దె అగ్రిమెంట్ తీసి అవే మూడు రంగులు వేయండి. 11 నెలల గడువు ఏ తేదీ నుంచి లెక్కో, ఖాళీ చేయమనే మాట ఎవరిదో చూడండి. వచ్చే పాఠానికి ఆ కాగితం దగ్గర ఉంచుకోండి, 1948 జెనీవా నౌకాయాన ఒప్పందం పక్కన పెట్టి చదువుదాం.