మిద్దె మీద ఆకుకూరలు – 3వ పాఠం: బరువు, మట్టి, తొలి విత్తు

పోయిన పాఠంలో డాబా మీద ఎండ ఎక్కడెక్కడ ఎంతసేపు ఉంటుందో చూసి సుద్దతో గుర్తులు పెట్టుకున్నాం. ఈసారి అక్కడ తొట్లు పెట్టి తోటకూర చల్లుదాం.

ఆకుకూరతోనే ఎందుకు మొదలంటే, దూరాభారం తట్టుకోలేని పంట అదే. పొద్దున కోసిన పాలకూర మధ్యాహ్నానికే వాడిపోతుంది. పైగా హైదరాబాదులో మూసీ వెంట మురుగు కలిసిన నీళ్లతో ఆకుకూరలు పండుతున్న సంగతి తెలిసిందే. తప్పు ఆ రైతులది కాదు, నదిలోకి మురుగు వదిలిన నగరానిది. పిల్లలకు పెట్టే కూర ఏ నీళ్లతో పెరిగిందో మనకు తెలిసి తీరాలి.

ముందు బరువు సంగతి. మనుషులు తిరిగే డాబాకు మన దేశ నిర్మాణ ప్రమాణాల ప్రకారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువును లెక్కలోకి తీసుకుంటారు. తడిసిన మట్టి లీటరు కిలోన్నర పైనే తూగుతుంది. అడుగు లోతు నింపితే చదరపు మీటరుకు 450 కిలోలు దాటిపోతుంది! ఆకుకూరకు 6 అంగుళాల లోతు చాలు. అయినా వట్టి మట్టితో నింపితే అదీ ఆ 150 కిలోలు దాటుతుంది కాబట్టి, తొట్లన్నీ నడిమధ్య గుంపుగా పెట్టకండి. కింద గోడలు, దూలాలు ఉన్నచోట ఎడంగా పెట్టండి. పాత ఇల్లయితే ఇంజినీరుకు చూపించాకే పని మొదలుపెట్టండి.

మట్టి కలపడం: ఎర్రమట్టి 2 పాళ్లు, కొబ్బరి పొట్టు 2 పాళ్లు, మాగిన పశువుల ఎరువు 1 పాలు, తొట్టికో గుప్పెడు వేపపిండి. పొట్టులో ఉప్పు ఉంటుంది కాబట్టి రెండుసార్లు నీళ్లలో నానబెట్టి పిండాలి. ఎరువు మాగిందో లేదో చేత్తోనే తేల్చుకోవచ్చు. నలిపితే టీపొడిలా రాలాలి, వాన పడ్డ నేల వాసన రావాలి. ఇంకా పేడ వాసన కొడుతున్నా, లోపల వెచ్చగా తగిలినా వాడొద్దు, లేత వేళ్లు మాడిపోతాయి.

తోటకూర గింజలు మరీ సన్నం. చెంచాడు గింజలకు గుప్పెడు పొడి ఇసుక కలిపి చల్లితే ఒకేచోట కుప్పపడవు. పైన పలచగా మట్టి జల్లి, చేత్తో నీళ్లు చిలకరించండి. చెంబుతో పోస్తే గింజలన్నీ ఓ మూలకు కొట్టుకుపోతాయి. చీమలు గింజలు మోసుకుపోకుండా తొట్టి చుట్టూ కాసిని నూకలు చల్లండి. నాలుగైదు రోజుల్లో మొలకలు కనిపిస్తాయి. రెండు వారాలకు ఒత్తుగా ఉన్నచోట కొన్ని పీకేసి పప్పులో వేసుకోండి. నెల తిరిగేసరికి మొదలుకు రెండంగుళాలు వదిలి కోస్తే మళ్లీ చిగురిస్తుంది.

వచ్చే పాఠానికి గోంగూర విత్తనాలు తెచ్చి ఉంచుకోండి.