బెజవాడలో పాత కారు బ్రోకర్ లేకుండా మనమే అమ్ముకోవడం ఎలా

మొన్న దసరాకి ముందు మా పాత స్విఫ్ట్ అమ్మేశాను. 2016 పెట్రోల్ బండి, ఏపీ 16 నెంబరు, 81 వేలు తిరిగింది. మధ్యలో బ్రోకర్ ఎవరూ లేకుండా నేనే అమ్ముకున్నా. అప్పట్నుంచి మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఎక్కినప్పుడల్లా ఎవరో ఒకళ్ళు ఎలా చేశారండీ, పేపర్లు ఎవరు చూశారు, మోసం ఏం జరగలేదా అని అడుగుతానే ఉన్నారు, ఒక్కొక్కళ్ళకీ చెప్పలేక మొత్తం ఒకేసారి రాసేస్తున్నా.

ముందు నా పాత తప్పు చెప్తా, ఎందుకంటే ఈసారి నేను అంత చాదస్తంగా ఎందుకు చేశానో దాన్నిబట్టే అర్థమవుద్ది. కొన్నేళ్ళ కిందట ఒక బైక్ అమ్మాను, తెలిసినాయన తీసుకొచ్చిన పార్టీయే కదా అని ఓనర్ పేరు మార్చడానికి ఇచ్చే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి ఇచ్చేశా, డేట్ వెయ్యలేదు, కొనేవాళ్ళ పేరు కూడా రాయలేదు. ఓపెన్ ఫారాలు అంటారే, అవి. డబ్బులొచ్చాయి, మర్చిపోయా. రెండేళ్ళ తర్వాత నా ఫోన్‌కి చలాన్లు రావడం మొదలైంది, ఫొటోలో నా బండి మీద ముగ్గురు కుర్రాళ్ళు, ఒక్కడి తలకీ హెల్మెట్ లేదు, ఆ ముగ్గుర్లో ఒక్కణ్ణీ నేను జన్మలో చూడలేదు. కనుక్కుంటే బండి మూడు చేతులు మారింది, ఆర్సీలో పేరు మాత్రం నాదే. చలాన్లు నేనే కట్టి, ఆ చివరి ఓనర్ని పట్టుకొని బతిమాలి ట్రాన్స్‌ఫర్ చేయించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అవి చలాన్లు కాబట్టి సరిపోయింది, యాక్సిడెంట్ అయ్యుంటే? ఇలాగే అమ్మేశాక చేతులు మారి మారి వెళ్ళిన ఒక కారు కేసులో 2018లో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్ళే ఓనరు, నష్టపరిహారం బాధ్యత వాళ్ళదే అని. నేను ఎప్పుడో అమ్మేశానండీ అంటే కుదరదన్నమాట.

అందుకని కారు అమ్మాలనుకున్న రోజే ఫస్ట్ పేపర్ల సంగతి చూస్కోండి, ఫొటోలు తియ్యడం తర్వాత. ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, సర్వీస్ బిల్లులు ఒక కవర్లో పెట్టండి. లోన్ మీద కొన్న బండి అయితే, లోన్ ఎప్పుడో తీరిపోయినా సరే, ఆర్సీలో బ్యాంక్ పేరు ఇంకా అలాగే ఉంటుంది చాలామందికి, నాకూ ఉంది. బ్యాంక్ దగ్గర ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే లెటర్, వాళ్ళు సంతకం పెట్టిన ఫారం 35 తీసుకొని ఆర్టీఏ (రవాణా) ఆఫీసులో హెచ్‌పీ, అంటే ఆర్సీలో ఉన్న ఆ లోన్ ఎంట్రీ, కొట్టేయించాలి. లోన్ తీరినప్పుడు ఇచ్చిన ఎన్‌ఓసీ బీరువాలో ఉందిగా అనుకోకండి, దానికి గడువుంటుంది, పాతదైతే మళ్ళీ కొత్తది అడగాల్సిందే. ఇదంతా అయ్యేసరికి నాకు మూడు వారాలు పట్టింది, కొనేవాళ్ళు ఇంటికొచ్చి కూర్చున్నాక మొదలెడితే వాళ్ళు ఇంకో బండి చూసేస్కుంటారు. చలాన్లు ఏమైనా ఉంటే కట్టేయండి, పెండింగ్ ఉంటే ట్రాన్స్‌ఫర్ ఆగిపోతుంది. ఇంకోటి, ఆర్సీకి లింకైన మొబైల్ నెంబరు ఇప్పుడు మీ చేతిలో ఉన్నదేనా చూస్కోండి, ఓటీపీలు దానికే వస్తాయి.

రేటు విషయంలో మన కారు మీద మనకి ఉండే ప్రేమ పక్కన పెట్టాలి. అదే మోడల్, అదే సంవత్సరం, అదే ఇంధనం, దగ్గర దగ్గర కిలోమీటర్లు ఉన్న బండ్లు విజయవాడ, గుంటూరులో ఎంతకి పెట్టారో ఓఎల్ఎక్స్‌లో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో ఒక పది చూడండి. అది వాళ్ళు అడిగే రేటు, అమ్ముడుపోయే రేటు కాదు, అందులోంచి ఎంతో కొంత తగ్గించి ఊహించుకోవాలి. పాత కార్లు కొనే కంపెనీల దగ్గర కూడా ఒకసారి చూపించండి, ఫ్రీయే కదా, వాళ్ళు చెప్పేది అన్నిటికంటే తక్కువ రేటు అనుకోవచ్చు, వాళ్ళ లాభం వాళ్ళు చూస్కుంటారు. నేను 4.25 లక్షలు పెట్టా, 3.90కి ఇచ్చా. మళ్ళీ సీజన్ ఒకటుంది మన దగ్గర. ఆషాఢంలో, మూఢంలో ఫోనే మోగదు, దసరాకి, ఉగాదికి ముందు బాగా అడుగుతారు, డిసెంబర్‌లో అయితే ఇంకో నెలాగితే ఒక ఏడాది పాతదైపోద్ది కదండీ అని బేరం దానిమీదే ఆడతారు.

అమ్మే ముందు ఆటోనగర్ తీసుకెళ్ళి టింకరింగ్, పెయింటింగ్ అని ఇరవై ముప్పై వేలు తగలెయ్యకండి, అది తిరిగి రాదు, పైగా కొత్త పెయింట్ చూస్తే దేనికో గుద్దినట్టుంది అని అనుమానం. లోపల వాక్యూమ్ కొట్టించి, నీళ్ళతో కడిగించి, కాలిపోయిన బల్బులు, అరిగిపోయిన వైపర్లు మార్పిస్తే చాలు. గీతలు గీతల్లాగే ఉండనివ్వండి, ఫొటోల్లో అవి కూడా పెట్టండి. నేను వెనక బంపర్ గీత దగ్గరగా తీసి పెట్టా, వచ్చినవాళ్ళలో ఒక్కళ్ళు కూడా దాని మీద బేరం ఆడలేదు.

యాడ్ పెట్టిన గంటలోనే ఫోన్లు మొదలవుతాయి. బండి చూడకుండానే లాస్ట్ ప్రైస్ చెప్పు బ్రో అనేవాళ్ళకి, వచ్చి చూడండి మాట్లాడుకుందాం అని ఒకటే సమాధానం. సగం మంది బ్రోకర్లే, ఇంట్లో వాడుకోడానికే అంటారు, అదే గొంతు రెండ్రోజుల తర్వాత ఇంకో నెంబర్ నుంచి వస్తుంది. ఇంకో రకం ఉన్నారు, నేను ఆర్మీలో చేస్తాను, బండి చూడక్కర్లేదు, అడ్వాన్స్ పంపిస్తాను, ఈ క్యూఆర్ స్కాన్ చెయ్యండి అంటారు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, డబ్బులు మన అకౌంట్లోకి రావడానికి స్కానూ అక్కర్లేదు, పిన్నూ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే మన డబ్బులే పోతాయి. ఆర్సీ, ఆధార్ ఫొటోలు వాట్సాప్‌లో అడిగినోళ్ళందరికీ పంపొద్దు, తప్పదంటే జిరాక్స్ మీద అడ్డంగా కారు అమ్మకం కోసం మాత్రమే అని డేట్ వేసి రాసి, దాన్ని ఫొటో తీసి పంపండి.

ఇప్పుడు బెజవాడ బండి అమ్మేవాళ్ళకి మాత్రమే వచ్చే ప్రశ్న ఒకటుంది. 2024 సెప్టెంబర్ తర్వాత ఎవరొచ్చినా ముందు అడిగేది, బుడమేరు వరదలో మునిగిందా అని. సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఎన్ని బండ్లు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయో మనందరం చూశాం, కాబట్టి వాళ్ళ అనుమానంలో తప్పులేదు. మాది పటమట అండీ, మా సెల్లార్లోకి నీళ్ళు రాలేదు అని నోటితో చెప్తే ఎవరూ నమ్మరు. నేను రెండు చూపించా. ఒకటి ఆ ఏడాది వరదల తర్వాత చేయించిన మామూలు సర్వీస్ బిల్లు. రెండోది ఇన్సూరెన్స్ పాలసీ, వరదకి ముందుది, తర్వాత రెన్యూ చేసింది, రెండూ పక్కపక్కన. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, తెగకుండా వచ్చిందంటే మనం క్లెయిమ్ ఏదీ చెయ్యలేదని అర్థం, అది చూశాక నాతో వాదన పెట్టుకున్నవాళ్ళు లేరు. ఒకవేళ మీ బండి నిజంగానే మునిగి ఉంటే దాచకండి, రిపేర్ బిల్లులు ముందు పెట్టి, దానికి తగ్గ రేటు చెప్పి అమ్మండి. దాచినా దాగదు.

దాగదని ఎందుకంటున్నానంటే, మా బండి కొన్నవాళ్ళు గుంటూరు పక్క నుంచి వచ్చారు, తండ్రి, కొడుకు, వాళ్ళతో ఒక పెద్ద మెకానిక్. ఆయన వచ్చీ రాగానే బానెట్ జోలికి పోలేదు. డ్రైవర్ సీటు బెల్టు చివరిదాకా లాగాడు, ఆ చివర మట్టి మరక ఉందేమోనని. తర్వాత సీటు వెనక్కి జరిపి కింద పట్టాల మధ్య వేలు పెట్టి తుడిచి వేలు చూస్కున్నాడు, డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో టార్చ్ వేశాడు. అప్పుడు బానెట్ తీసి, ఇంజన్ స్టార్ట్ చేయించి, ఆయిల్ మూత విప్పి అరచెయ్యి అడ్డం పెట్టి కాసేపు అలాగే ఉన్నాడు. ‘‘ఇంజన్ మీద చెయ్యి పడలేదు బాబాయ్’’ అన్నాడు ఆ తండ్రితో, అంటే ఇంజన్ ఇంతకుముందు ఎవరూ విప్పలేదని. నేను పక్కనే నోరు మూసుకొని నిలబడ్డా. మధ్యలో దూరి మన బండి గొప్పలు చెప్పకుండా వాళ్ళని చూడనివ్వడమే మంచిది. ఇంతా అయ్యాక ఆ పెద్దాయన అడిగిందేంటో తెలుసా, ‘‘నెంబరు కూడితే ఎంతొస్తది బాబూ?’’ అని. అయిదండీ అన్నా. మావాడికి అయిదు పడుద్ది అన్నాడు. మన అదృష్టం.

టెస్ట్ డ్రైవ్‌కి ముందు లైసెన్స్ అడిగి ఫొటో తీస్కోండి, ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు, మీరు పక్క సీట్లో కూర్చోండి. పొద్దున పూటే రమ్మనండి. ఒరిజినల్ ఆర్సీ కార్లో పెట్టొద్దు. మేం 100 అడుగుల రోడ్డు మీదకెళ్ళి వచ్చాం, ఇరవై నిమిషాలు, ఇంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

బేరం తెగాక పదివేలు ఫోన్‌పేలో అడ్వాన్స్ తీస్కున్నా, ఎన్ని రోజుల్లో మిగతాది ఇవ్వాలో వాట్సాప్‌లో రాసుకున్నాం. ఇక్కడ చిన్న పేచీ వచ్చింది. కోల్డ్ స్టోరేజీలో పెట్టిన మిర్చి అమ్మిన డబ్బులు బాబూ, క్యాషే ఉంది, లెక్కపెట్టుకో అంటాడు పెద్దాయన. ఆదాయపన్ను చట్టం ప్రకారం ఒక లావాదేవీకి రెండు లక్షలు, ఆ పైన నగదుగా తీసుకోకూడదు, తీసుకుంటే పెనాల్టీ తీసుకున్నవాళ్ళకే, అది కూడా తీసుకున్నంత మొత్తం. రెండు మూడు ముక్కలుగా ఇస్తా అన్నా కుదరదు, బండి ఒకటే కదా. ఆయన మర్నాడు వాళ్ళ బ్యాంకులో వేసుకొని ఆర్టీజీఎస్ చేశారు. నా బ్యాంక్ యాప్ తెరిచి బ్యాలెన్స్‌లో పడిందని కళ్ళారా చూశాకే తాళాలు ఇచ్చా, మెసేజ్‌లు, స్క్రీన్‌షాట్లు నమ్మొద్దు. పాత కార్ల మీద 18 శాతం జీఎస్టీ అని వార్తలొచ్చాయి కదా అని మా బావమరిది భయపెట్టాడు, అది రిజిస్టరైన డీలర్ల లాభం మీద, మనలాంటి మామూలువాళ్ళు అమ్ముకుంటే లేదు. సొంతానికి వాడుకున్న కారు కాబట్టి క్యాపిటల్ గెయిన్స్ గొడవ కూడా లేదు.

ఇక అసలు పని. ఫారం 29, ఫారం 30 నింపేటప్పుడు ఒక్క గడి కూడా ఖాళీ వదలొద్దు, కొనేవాళ్ళ పేరు, అడ్రస్, తేదీ అన్నీ మీ కళ్ళ ముందే రాయించి అప్పుడు సంతకం పెట్టండి, అన్నీ జిరాక్సులు తీస్కోండి. చట్టం ప్రకారం అమ్మినవాళ్ళు 14 రోజుల్లో ఆర్టీఏకి తెలపాలి, కొన్నవాళ్ళకి 30 రోజులు టైముంది. ఆ 30 రోజులు మనకెందుకు, డబ్బులు పడిన రోజే కూర్చోబెట్టి ఆన్‌లైన్‌లో అప్లై చేయించేయండి, ఫీజు వాళ్ళే కట్టుకుంటారు, తర్వాత చేస్తాంలే అంటే ఆ తర్వాత రాదు. హైదరాబాద్ పార్టీయో, ఖమ్మం పార్టీయో అయితే ఇది సరిపోదు, వేరే రాష్ట్రం కాబట్టి ఫారం 28తో మన ఆర్టీఏ దగ్గర ఇంకో ఎన్‌ఓసీ తియ్యాలి, అక్కడ ట్యాక్స్ వాళ్ళు కట్టుకోవాలి, అది ముందే మాట్లాడుకోండి. డీలర్‌కి ఇచ్చేస్తుంటే, 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన రూల్ ప్రకారం ఆర్టీఏ గుర్తింపు ఉన్న డీలరేనా అని అడిగి, బండి డీలర్‌కి అప్పజెప్పినట్టు ఆర్టీఏకి తెలిపే ఫారం 29సీ వాళ్ళతో పెట్టించుకోండి, అప్పట్నుంచి బండి బాధ్యత వాళ్ళది.

బండి అప్పజెప్పేటప్పుడు డెలివరీ నోట్ ఒకటి రాసుకోండి, అందులో తేదీతో పాటు టైము కూడా వెయ్యండి. సాయంత్రం 5.40కి ఇచ్చామంటే 5.40 అనే రాయండి, ఆరింటికి ఎక్కడైనా కెమెరాకి దొరికితే ఎవరో తేలిపోద్ది. కిలోమీటర్ల రీడింగ్ రాయండి, ఇద్దరు సాక్షుల సంతకాలు, కొన్నవాళ్ళ ఆధార్ జిరాక్స్, బండి పక్కన వాళ్ళు నిలబడ్డ ఫొటో.

ఇన్సూరెన్స్ వాళ్ళ పేరు మీదకి 14 రోజుల్లో మార్చుకోమని చెప్పండి, లేకపోతే సొంత డ్యామేజీ క్లెయిమ్‌లో వాళ్ళకే ఇబ్బంది. నో క్లెయిమ్ బోనస్ మాత్రం బండిది కాదు, మీది. ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టి ఆ బోనస్ ఉన్నట్టు లెటర్ తెచ్చుకుంటే మూడేళ్ళ లోపు కొనే కొత్త కారుకి వాడుకోవచ్చు, 50 శాతం దాకా ఉన్నవాళ్ళు దీన్ని వదిలేస్తే చాలా డబ్బులు పోయినట్టే. ఫాస్టాగ్ ఆ రోజే క్లోజ్ చేసి స్టిక్కర్ పీకెయ్యండి. మా ఫ్రెండ్ ఒకడు మర్చిపోయాడు, అర్ధరాత్రి కాజా టోల్‌లో డబ్బులు కట్ అయ్యాయని మెసేజ్, నిద్రమత్తులో బండి ఎవడో ఎత్తుకుపోయాడనుకొని పార్కింగ్‌లోకి పరిగెత్తాడంట.

తర్వాత నేను ఎంపరివాహన్ యాప్‌లో నెంబరు కొట్టి రోజూ చూస్తానే ఉన్నా, మా ఆవిడ నవ్వేది. ఓనర్ పేరు మారిన రోజు స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నా. ఆ సాయంత్రమే టీవీ కింద సొరుగులో కారు రెండో తాళం కనపడింది, ఇవ్వడం మర్చిపోయా, మళ్ళీ ఆదివారం గుంటూరు వెళ్ళి ఇచ్చొచ్చా.