కైలాసగిరి మీద పొద్దు గూకడం చూడాలంటే ముందు సముద్రానికి వీపు పెట్టండి

వైజాగ్‌లో సన్‌సెట్ అనగానే సూర్యుడు సముద్రంలో మునుగుతాడనుకుని కైలాసగిరి ఎక్కేవాళ్లు చాలామంది ఉంటారు. తూర్పువైపు రెయిలింగ్ పట్టుకుని, ఫోన్ రెడీగా పెట్టుకుని, ఇంకా దిగట్లేదేంటి అని చూస్తూ ఉంటారు, ఈలోగా వెనకాల పని కాస్తా అయిపోతుంది. మనది తూర్పు తీరం అండీ. ఇక్కడ పొద్దు సముద్రంలోంచి పొడుస్తుంది గానీ అందులోకి గూకదు. గూకేది ఊరి మీద, సింహాచలం కొండల వెనక. నన్నడిగితే అదే బాగుంటుంది, ఎందుకంటే నీళ్లలో మునిగే సూర్యుణ్ని గోవాలోనూ చూడొచ్చు. ఒకవైపు ఊరు ఎర్రబడుతుంటే రెండోవైపు సముద్రం రంగు మారడం ఒకే కొండ మీద నిలబడి చూసే వీలు ఎక్కడ పడితే అక్కడ దొరకదు.

ముందు టైమ్ సంగతి. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు ఇక్కడే తప్పులో కాలేస్తారు. రెండు ఊళ్లూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నా వైజాగ్ దాదాపు 5 డిగ్రీలు తూర్పున ఉంది, డిగ్రీకి 4 నిమిషాల లెక్కన ఇక్కడ పొద్దు సుమారు 20 నిమిషాలు ముందే పోతుంది. నవంబరు చివర్లో సాయంత్రం 5.20కే సూర్యాస్తమయం, జులై మొదట్లో అయితే 6.35 దాటాక. పైగా ఇవి క్యాలెండర్ టైములు. పడమర దిక్కున కొండలు అడ్డం కాబట్టి సూర్యుడు అంతకంటే కొన్ని నిమిషాలు ముందే కనబడకుండా పోతాడు. అందుకని గంటంబావు ముందే పైన ఉండేలా చూసుకోండి. టాయ్ ట్రైన్, శివపార్వతుల విగ్రహాల దగ్గర ఫొటోలు, గాజు వంతెన లాంటివి ఏమైనా ఉంటే ఆ టైములోనే కానిచ్చేయండి, లేకపోతే సరిగ్గా అసలు వేళకి మీరు ఏదో ఒక క్యూలో ఉంటారు.

ఎక్కడానికి ఘాట్ రోడ్డు ఉంది, బీచ్ రోడ్డు వైపు నుంచి మెట్లున్నాయి, రోప్‌వే ఉంది. మోకాళ్లు సహకరిస్తే మెట్లెక్కండి. రోప్‌వేలో వెళ్తే మాత్రం కిందకి ఆఖరి ట్రిప్ ఎప్పుడో టికెట్ తీసుకునేటప్పుడే అడగండి, చీకటి పడ్డాక పైన నిలబడి టెన్షన్ పడడం ఎందుకు.

ఎక్కడ నిలబడాలి అన్నది నెలని బట్టి మారుతుంది. డిసెంబరులో సూర్యుడు సరిగ్గా పడమర కాకుండా దక్షిణానికి సుమారు 25 డిగ్రీలు జరిగి దిగుతాడు, అంటే ఊరి మీదకి. అప్పుడు రోప్‌వే వైపు, అదే బీచ్ రోడ్డు వంపు తిరిగి ఆర్కే బీచ్ మీదుగా డాల్ఫిన్స్ నోస్ కొండ దాకా కనబడే వైపు నిలబడితే తీరం, మేడలు, ఎర్రటి ఆకాశం అన్నీ ఒకే చూపులో వస్తాయి. జూన్‌లో అంతే మేర ఉత్తరానికి జరుగుతాడు, అప్పుడు కొండకి పడమటి అంచున చెట్ల మధ్య ఖాళీ వెతుక్కుని సింహాచలం కొండల వైపు చూడాలి. ఫోన్‌లో కంపాస్ ఉంటుంది కదా, ఎండ ఉండగానే ఒకసారి దిక్కు చూసి చోటు పట్టుకోండి.

సీజన్ అంటే నా ఓటు వానలు వెనకబట్టిన నవంబరుకే. వాన కడిగిన గాలి కాబట్టి దూరపు కొండల అంచు కత్తితో గీసినట్టు కనిపిస్తుంది, ఆకాశంలో మిగిలిన నాలుగు మబ్బుల వల్ల రంగులు కూడా వస్తాయి. మబ్బు బొత్తిగా లేని రోజు నిజానికి చప్పగా ఉంటుంది. కాకపోతే కార్తీకమాసం ఆదివారాలు వనభోజనాల జనం కిటకిటలాడుతుంటారు, వీలైతే వారం మధ్యలో వెళ్లండి.

ఫొటో తీసేటప్పుడు ఫోన్‌ని దాని ఇష్టానికి వదిలేస్తే ఊరిని వెలిగించి ఆకాశాన్ని తెల్లగా మాడ్చేస్తుంది. సూర్యుడి పక్కనున్న ఆకాశం మీద వేలు నొక్కిపట్టి వెలుగు లాక్ చేసి, కొంచెం కిందకి లాగండి. జూమ్ లెన్స్ పెట్టిన కెమెరా వ్యూఫైండర్‌లోంచి మాత్రం సూర్యుణ్ని చూడకండి, కళ్లు పోతాయి.

ఇప్పుడు ముఖ్యమైన మాట. సూర్యుడు పోగానే జనం బండ్ల దగ్గరకి పరిగెడతారు, మీరు వెళ్లకండి. అసురసంధ్య వేళ కొండల మీద తిరుగుళ్లేంటని ఇంట్లో పెద్దవాళ్లు అంటే అననివ్వండి. వెంటనే సముద్రం వైపుకి నడవండి. నీటి అంచు మీద బూడిద కలిసిన నీలంరంగు పట్టీ, దాని మీద గులాబీరంగు పట్టీ కనిపిస్తాయి. ఆ కింది నీలం మన భూమి నీడే, గాలి పొరల మీద పడి పైకి పాకుతూ ఉంటుంది, కాసేపటికి రెండూ కలిసిపోతాయి. ఆ తర్వాత పోర్టులోకి వంతు కోసం ఆగిన ఓడలు దీపాలు పెట్టుకుంటాయి, బీచ్ రోడ్డు లైట్లు వరసగా వెలుగుతాయి. నైట్ మోడ్‌లో ఫొటో తీయాల్సింది ఇప్పుడే, చేయి వణకకుండా ఫోన్‌ని రెయిలింగ్‌కి ఆనించి.

రోజు మీ చేతిలో ఉంటే పౌర్ణమి చూసుకోండి. ఇటు సూర్యుడు దిగే వేళకే అటు సముద్రంలోంచి చంద్రుడు లేస్తాడు. చతుర్దశి నాడైతే ముప్పావుగంట అటూఇటూగా ముందే లేస్తాడు, ఇంకా వెలుతురు ఉంటుంది కాబట్టి ఫొటోకి ఆ రోజే మేలు.

పైన గాలి విసురుగా ఉంటుంది, పిల్లలుంటే చెవులకి ఏదైనా కట్టండి. ఘాట్ రోడ్డులో మొదటి రద్దీ పోయాక బండి తీయండి, అప్పుఘర్ దగ్గర ఆగి మురీ మిక్చర్ తింటే సరి.

కైలాసగిరిలో జనం భరించలేమనుకుంటే పాతూరి వైపు రాస్ హిల్ ఎక్కండి. చర్చి, దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి పక్కపక్క కొండల మీద ఉన్న చోటు అది. అక్కడ పొద్దు పోర్టు క్రేన్ల వెనక దిగుతుంది, పోర్టు కాలువలోంచి ఓడ వెళ్తుంటే దగ్గరగా కనబడుతుంది. ప్రార్థనా స్థలాలు కాబట్టి గోల చేయకుండా, గేట్లు ఎప్పుడు మూస్తారో అడిగి మరీ కూర్చోండి.