సిటీలో మైలేజ్ 12 నుంచి 15కి ఎలా వచ్చిందంటే (నా అనుభవం)

మాది 1.2 లీటర్ పెట్రోల్ మాన్యువల్ కారు, కూకట్‌పల్లి–అమీర్‌పేట ట్రాఫిక్‌లో లీటర్‌కి 12 కి.మీ. దాటేది కాదు. ఎయిర్ ఫిల్టర్, ప్లగ్‌లు, బంకు, అన్నీ మార్చి చూశా, ఉపయోగం లేదు.

పనిచేసింది ఇదీ. మొదట, టైర్లు చల్లగా ఉన్నప్పుడే డోర్ దగ్గర స్టిక్కర్ మీదున్నంత గాలి కొట్టించా. తర్వాత గేర్లు, ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) 2000 దాటగానే పై గేరు, బండి వణికితే మాత్రం వెంటనే కింది గేరుకి. అసలు తేడా సిగ్నల్స్ దగ్గరే: దూరంగా రెడ్ కనపడగానే యాక్సిలరేటర్ వదిలేసి గేర్‌లోనే పోనిస్తా, న్యూట్రల్ చేయను, ఎందుకంటే ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో (ఇంజిన్‌కి పెట్రోల్‌ని కంప్యూటర్ కొలిచి పంపేవి) గేర్‌లో ఉండగా కాలు తీస్తే పెట్రోల్ ఆగిపోద్ది, న్యూట్రల్‌లో అయితే ఐడిలింగ్‌కి తాగుతూనే ఉంటది (మా బావ ఇప్పటికీ ఒప్పుకోడు). ఆఖర్లో బండి ఆగబోయే ముందే క్లచ్.

ట్యాంక్ టు ట్యాంక్ (ఒక ఫుల్ ట్యాంక్ నుంచి మళ్ళీ ఫుల్ చేసేదాకా) లెక్కేస్తే ఇప్పుడు 15 దగ్గర. హైవేలో మాత్రం నాకు పెద్ద తేడా రాలేదు, డీజిల్ వాళ్లు ఆ 2000 ఇంకాస్త తగ్గించుకోవచ్చు.